నలభై ఒక్క మినహాయింపులు

రిపోర్టులు పదిన్నరకి పేజీలోకి ఎక్కుతాయి, పదకొండు దాటాక పైఅంతస్తులో డాక్టరు ఒక్కొక్కరినీ పిలుస్తుంది, ఆ మధ్యలో రక్తపరీక్షల కేంద్రం కింది హాల్లో కూర్చున్నవాళ్ళంతా ఫోన్లలోకి తలలు దూర్చి తమ రక్తం ఏమందో చదువుకుంటారు, ఆ కాసేపటి కోసం ఆమె మూడేళ్ళు ఆగింది, ఇవాళ మరీ ఆగలేక పదింటికే వచ్చి మెట్ల పక్క కుర్చీ పట్టుకుంది. ఈ హాల్లో ఫోనుకి సిగ్నల్ సరిగ్గా అందేది మెట్ల పక్కనే. మిగతా వాళ్ళకి గోడమీది బోర్డే దిక్కు: మా ఉచిత వైఫై వాడుకోండి, పాస్‌వర్డ్ అక్కర్లేదు. అక్కర్లేదట, ఎంత ధర్మాత్ములో. ఒళ్ళో లాప్‌టాప్ వేడెక్కి తొడలు చురుక్కుమంటున్నాయి, అయినా కదలలేదు, కదిలితే ఏదో చెదిరిపోతుందేమోనని భయం. రానీ. చాలుగారు రానీ. వచ్చి, ఆ బోర్డు చదివి, ఫోను తీసి, తన పేజీ తెరవనీ. ఆ ఒక్క పేజీ ఆమె తెర మీద పడితే చాలు, ఛీ, ఆ మాట తన నోట్లోకి కూడా వచ్చేసింది చూడు, తొమ్మిదేళ్ళు ఆయన కింద పనిచేస్తే ఇంతే మరి.

తెర మీద అక్షరాలు వరసలు వరసలుగా జారుతున్నాయి. ఈ హాలు గాలిలో పోయేవన్నీ పట్టి చూపించే ప్రోగ్రాం అది, ఊరికే దొరుకుతుంది, పావుగంట కూర్చుంటే ఎవరికైనా పట్టుబడుతుంది. పేజీకి తాళం ఉంటే దానికి పిచ్చిరాతలు తప్ప ఏమీ చిక్కవు. తాళం లేకపోతే మాత్రం అది పోస్టుకార్డే, దారిలో ఎవరి చేతికందితే వాళ్ళు చదువుకోవచ్చు. ఈ కేంద్రం వాళ్ళ వెబ్‌సైటుకి తాళం లేకపోలేదు, ఉంది, ఒక్క పేజీకి, పేరూ పాస్‌వర్డూ అడిగే మొదటి పేజీకి. ఆ గడప దాటి లోపలికెళ్ళాక వచ్చే పేజీలన్నీ, అసలు రిపోర్టు ఉండే పేజీతో సహా, బట్టబయలు. బట్టల కొట్టుకి ఇనప గేటు పెట్టి, కాపలావాణ్ణి పెట్టి, లోపల బట్టలు మార్చుకునే గదికి తలుపు మాత్రం పెట్టలేదన్నట్టు. ఈ వెబ్‌సైటు తయారుచేసే రోజుల్లో ఈ పోలిక ఆమె మొదటిసారి ఆఫీసు మీటింగులో చెప్పినప్పుడు అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వి, లాగిన్ పేజీకి ఉందిగా, చాలు, అన్నారు.

ఆయనకి అన్నీ చాలు. తొమ్మిది మందికి ఆరు కుర్చీలు చాలు, వారం పట్టే పరీక్షకి ఒక మధ్యాహ్నం చాలు, జ్వరంతో లీవు అడిగితే సగం రోజు చాలు. చాలుగారు అని ఎవరు పేరు పెట్టారో గాని ఆయన కారు తోలే మనిషి కూడా చాటుగా అలాగే అనేవాడు. నిజానికి ఆయన చెడ్డవాడు కాదని అప్పట్లో అనుకునేది, చెడ్డవాళ్ళంటే గొంతు పెంచేవాళ్ళని అప్పట్లో ఆమె లెక్క, ఈయన ఎప్పుడూ పెంచలేదు, అమ్మా అమ్మా అంటూనే ఉండేవారు, నోట్లో పిప్పరమెంటు బిళ్ళ తిప్పుకుంటూ. వెబ్‌సైటు మొదలెట్టడానికి తొమ్మిది రోజులుంది. రిబ్బనూ కత్తెరా కూడా కొనేశారు. అప్పుడు తేలింది, స్కానింగు బొమ్మలు పంపే పాత మెషీనుకి తాళాల సంగతే తెలియదని, పేజీలన్నిటికీ తాళం తప్పనిసరి చేస్తే ఆ బొమ్మలు కనిపించవని. సరిచెయ్యడానికి రెండు వారాలు కావాలంది ఆమె. ఆయన వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డారు. ప్రతి పేజీకి తాళం తప్పనిసరి అని నువ్వు రాసిన లైను అలాగే ఉండనీ అమ్మా, దాని కింద మినహాయింపులు రాయి, ఈ పేజీకి వద్దు, ఈ పేజీకి వద్దు, తర్వాత తీసేద్దాంలే. వేలు పెట్టి చూపిస్తూ పోయారు, మెడ మీద పిప్పరమెంటు వాసన తగులుతుంటే ఆమె టైపు చేస్తూ పోయింది. నలభై ఒకటి. ఒక్కసారి కూడా లేచి నిలబడలేదు. చెయ్యను సార్ అన్న రెండు మాటలు గొంతులో అక్కడే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నట్టే ఉంటాయి, మింగుడు పడవు. ఏ మార్పు ఎవరు చేశారో కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది కదా, నలభై ఒక్క లైన్ల పక్కనా ఆమె పేరే పడింది. చూపించిన వేలికి ఎక్కడా పేరు లేదు.

పది పదిహేడు. తలుపు తోసుకుని ఎవరో వచ్చారు, గొడుగు దులుపుకుంటున్నారు, ఆయన కాదు. ఆయన ఇప్పుడే రారు, ఆయనకి ముందు రావడం అలవాటు లేదు. వదిన మాత్రం ఎక్కడికైనా గంట ముందు వెళ్ళేది. మూడేళ్ళ కిందట తన రిపోర్టు కోసం వచ్చిన రోజు కూడా ఇదే హాల్లోకి పదింటికే వచ్చి కూర్చుని ఉంటుంది, చేతిసంచీలో ఏ పసివాడి పాలసీసా మూతో ఉండిపోయి ఉంటుంది. వదిన ఇంటి ముందుగదిలో పదకొండు మంది పిల్లలుండేవాళ్ళు, ఉద్యోగాలకెళ్ళే తల్లులు పొద్దున్న దింపి సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళు. గుమ్మంలో అరచేతిలో పట్టేంత చెప్పుల జతలు వరసగా. ఒక్కొక్కరి గ్లాసు మీద ఒక్కో బొమ్మ, అక్షరాలు రావుగా, తాబేలు ఒకడిది, గొడుగు ఒకత్తెది, ఆ బొమ్మలు సెలవు రోజు వచ్చి వేసింది తనే. రిపోర్టులో ఏముందో ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు, ఊరంతటికీ తెలిసిందే. కాలేయంలో ఒక వైరస్, ఏళ్ళ తరబడి నిద్రపోయే రకం, పిల్లల్ని ఎత్తుకుంటే, ముద్దాడితే అంటేది కాదు. వదిన ఈ హాల్లో చదువుకుంది, ఇంటికెళ్ళి అన్నయ్యకి ఒక్కడికే చెప్పింది. నాలుగో రోజు ఆ పేజీ ఫొటోలా తల్లులందరి ఫోన్లలోకీ వచ్చింది, వదిన పేరూ వయసూ అన్నీ ఉన్నాయి. అంటదని చెప్పడానికి ఎవరూ నోరు తెరవనిచ్చిందే లేదు. వారం తిరిగేసరికి గుమ్మంలో రెండు జతల చెప్పులు, పెద్దవి, మొగుడివీ పెళ్ళానివీ.

అన్నయ్య డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. బస్సు తోలేవాడికి చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, గుమ్మానికి చెరో పక్కా ఆనించి నిలబడ్డాడు. "నాకూ మీ వదినకీ తప్ప తెలీదు. ఆ రిపోర్టులు తెరవగలిగేది నువ్వొక్కదానివే." అంతే అన్నాడు. అరిచినా బాగుండేది. అంతకుముందే ఆఫీసుకి వెళ్ళి చాలుగారిని కలిసి వచ్చాడని తర్వాత తెలిసింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, బయటివాళ్ళెవరూ చూడలేరండీ, లాక్ ఉంది, లోపలివాళ్ళే అయ్యుండాలి అన్నారట. పైగా జాబితా తీసి చూపించారట, ఆ వారం ఆమె లాగిన్‌తో రెండు వందల రిపోర్టులు తెరిచినట్టు, అందులో వదినది కూడా. పరీక్ష కోసం తెరిచింది, పేజీ సరిగ్గా కనిపిస్తోందా లేదా అని చూసి మూసేసింది, ఎవరి పేరూ చదవలేదు, వదిన పేరు కళ్ళ ముందు నుంచి పోయినా తెలియలేదు. ఈ మాట ఎవరు నమ్ముతారు? తనే అయితే నమ్మేదా? ఆయన మాత్రం చేతులు దులుపుకున్నారు, ఆమె ఉద్యోగం ఊడింది. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి దొరికింది. అన్నయ్య ఇంకోడు దొరకడు. మూడేళ్ళుగా ఆమె నంబరు చూస్తే రెండో రింగుకి కట్ చేస్తాడు. అతని బస్సు వేళలు ఆమెకి కంఠతా వచ్చు, పదకొండూ పదికి చివరి స్టాపు, ఎనిమిది నిమిషాల ఆగుడు, దిగి పక్క అద్దం గుడ్డతో తుడిచి మంచినీళ్ళు తాగుతాడు, ఫోను చొక్కా జేబులో. ఆ ఎనిమిది నిమిషాల్లో ఎన్నిసార్లు చేసిందో. రెండో రింగు. కట్.

అందుకే ఈ పగ. పగే, దానికి ఇంకో పేరు పెట్టి ముస్తాబు చెయ్యడం ఎందుకు. చాలుగారు రిటైరై ఆరునెలలైంది. ఆయన జాగాలో వచ్చిన కొత్త మేడం పోయిన వారం ఫోను చేసింది, పాత స్కానింగు మెషీను తీసేశాం, ఆ మినహాయింపులు మీరే రాశారట, మీరే వచ్చి తీసెయ్యండి, గురువారం పొద్దున్న తొమ్మిదికల్లా అయిపోవాలి అంది. సరే అంది. నిన్న పనికి కూర్చుంటే జాబితాలో ఆయన పేరు కనబడింది. రిపోర్టు గురువారం పదిన్నరకి. చూడకూడదు, చూసింది. చూసి కొత్త మేడంకి మెసేజి పెట్టింది, కేంద్రంలో కూర్చుని అంతా ఒకసారి సరిచూసుకుని పదకొండు దాటాక మారుస్తానని. పచ్చి అబద్ధం. సరిచూసేదేమీ లేదు. మార్పు సిద్ధంగా ఉంది, ఈ లాప్‌టాప్‌లోనే, ఒక్క మీట నొక్కితే నలభై ఒకటీ ఎగిరిపోతాయి. నొక్కలేదు. ఆయన పేజీ ముందు దొరకాలి. దాన్ని ఫొటోలా దింపి ఆయన పాత ఆఫీసులో అందరి ఫోన్లకీ పంపాలి, పంపి, లాక్ ఉందిగా సార్, లోపలివాళ్ళే అయ్యుంటారు, అని రాయాలి. తర్వాత దాన్నే అన్నయ్యకి చూపించాలి, బస్సుకి అడ్డంగా నిలబడైనా సరే. తన సొంత పేజీ పట్టి చూపించినా సంగతి రుజువవుతుంది కదా అని మనసులో ఒక మూల ఎవరో అడుగుతూనే ఉన్నారు. అవుతుంది. కానీ ఆయన మొహం మాడదు. ఆ మొహం మాడాలి. మాడుతుంటే ఎదురుగా కూర్చుని చూడాలి.

పదిన్నర. హాలంతా ఒక్కసారి తలలు వంచింది. తెర మీద వరసలు జోరందుకున్నాయి. ఆయన పేజీ వస్తే ఎర్రగా వెలగమని పెట్టి ఉంచింది, మిగతావి బూడిదరంగులో పోతూ ఉంటాయి, వాటి జోలికి పోకూడదని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఒట్టు పెట్టుకుంది. పదిహేడు మంది. మూడేళ్ళుగా రోజూ ఇలాగే పోతున్నాయి, ఇంకో అరగంటలో కొత్తగా మునిగేదేముంది. అయినా చదువొచ్చిన కన్ను చదవకుండా ఊరుకుంటుందా. వయసు ఇరవై నాలుగు, స్త్రీ, నమూనా ఇచ్చింది నిన్న మధ్యాహ్నం, కింద ఒక్క పదం లావు అక్షరాల్లో. ఆ పదం చదివి తలెత్తేసరికి ఎదురు వరసలో పచ్చ శాలువా కప్పుకున్న అమ్మాయి కూడా అదే చదివి తలెత్తింది. పక్కన అత్తగారు కాబోలు, పెద్దావిడ, మోకాళ్ళు నిమురుకుంటూ, ఏమొచ్చిందే అని అడిగింది. "ఇంకా పెట్టలేదత్తయ్యా. సాయంత్రం పెడతారట." చెప్పి, ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుంది.

అది అబద్ధమని ఈ హాల్లో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకత్తె తను. ఆ పదం ఏమిటో ఇక్కడ చెప్పడం కుదరదు, అది ఆ అమ్మాయిది. ఆ అమ్మాయి ఆ రెండు చేతులూ తీసి ఎవరికి ఎప్పుడు చెప్పుకోవాలో అది ఆ అమ్మాయి ఇష్టం కదా, మొగుడికో, తల్లికో, ఎవరికీ చెప్పకపోనూవచ్చు, మధ్యలో ఈమె ఎవరు? వదిన కూడా ఫోను ఇలాగే బోర్లించుకుని ఉంటుంది. ఆ రోజు వదినకి ఎదురుగా ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఎవరు కూర్చున్నారో అని మూడేళ్ళు తిట్టుకుంది, వాళ్ళకి కొమ్ములూ కోరలూ ఉంటాయనుకుంది. ఇదిగో, ఇలా ఉంటారు. మెట్ల పక్క కుర్చీలో, తమ పని తమకి న్యాయంగానే తోస్తూ, ఇంకెవరికోసమో కాచుకుని కూర్చుంటారు. చాలుగారికి రెండు వారాలు బరువయ్యాయి, తనకి రెండు గంటలు ముద్దొచ్చాయి. తేడా ఏముంది? ఉంది, తేడా ఉంది, నాకు జరిగింది ఆయనకి జరగలేదు, అని పళ్ళు నూరుకుంది. వేలు మాత్రం అప్పటికే మీట దగ్గరికి పోయింది. ఇప్పుడు నొక్కితే ఆయన పేజీ ఇక దొరకదు. మూడేళ్ళ పగ. పదీ నలభై తొమ్మిది. నొక్కింది.

ఏ చప్పుడూ లేదు. రెండు నిమిషాలకి గొడుగాయన ఫోను ఆడిస్తూ, మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోందేంటి అని విసుక్కున్నాడు. పక్కాయనది కూడా బయటికి నెట్టేసింది. హాలంతా గొణుగుడు, ఎవడు చేశాడో ఈ పని అని ఎవరో శాపనార్థం, అందరూ మొదటి నుంచి పాస్‌వర్డులు కొట్టుకుంటున్నారు. ఆమె తెర మీద ఇప్పుడు వరసలన్నీ పిచ్చిరాతలు. అంతవరకు పట్టినదంతా చెరిపేసింది, ప్రోగ్రాం మూసేసింది, చెరపడానికి మనసు ఒప్పకపోయినా చెరిపేసింది. ఏడుపొచ్చింది. మంచిపని చేసినందుకు మనసు తేలికపడుతుందని చెప్పినవాణ్ణి పట్టుకుని రెండు తగిలించాలనిపించింది. ఏమీ తేలికపడలేదు. ఆయన ఇప్పుడొచ్చి, హాయిగా పేజీ చూసుకుని, హాయిగా ఇంటికి పోతారు. అన్నయ్య పదకొండూ పదికి అద్దం తుడుచుకుంటాడు.

పదకొండుకి ఆయనే వచ్చారు. చిక్కిపోయారు, చొక్కా మెడ దగ్గర వదులైంది. హాలంతా చూసి, ఖాళీ కుర్చీ ఆమె పక్కనే ఉంటే వచ్చి కూర్చుని, మొహంలో మొహం పెట్టి, నువ్వా అమ్మా, బాగున్నావా అన్నారు, ఏమీ జరగనట్టు, నిన్న సాయంత్రం ఆఫీసులో విడిపోయినట్టు. అదే పిప్పరమెంటు. కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చారట, దగ్గరి అక్షరాలు బొత్తిగా ఆనవట. "కాస్త ఇది తెరిచి చెప్పమ్మా," అని ఫోను ఆమె చేతిలో పెట్టి, పుట్టినతేదీయే పాస్‌వర్డని, గుర్తుండడానికి అది చాలని, ఆ తేదీ పది మందికీ వినపడేలా చెప్పారు. ఆమె కొట్టింది. లాక్ గుర్తు కనిపిస్తోందా అని అడిగారు. కనిపిస్తోంది సార్ అంది. "చూశావా, నేనప్పుడే చెప్పాను." ఆ మాటకి ఒళ్ళు భగ్గున మండింది. పదకొండు నిమిషాల క్రితం పడిన తాళం అది, నా చేత్తో పడింది, నా మూడేళ్ళు ధారపోస్తే పడింది.

రిపోర్టు తెరుచుకుంది. అందులో ఏముందో మనకి అనవసరం. మంచి కబురు కాదని మాత్రం ఆమెకి అర్థమైంది. తెలిశాక, చేతిలో ఆయన ప్రాణం పట్టుకున్నట్టు తెలిశాక, జాలి రావాలి కదా, రాలేదు, ముందు సంతోషమే వచ్చింది. ఏ ప్రోగ్రామూ అక్కర్లేకుండా దొరికాడు. చదవమన్నది ఆయనే. పదిహేడు మందికీ వినపడేలా చదివితే తప్పు పట్టేదెవరు? గొంతు సవరించుకుని, ఆయన పేరు, వయసు, పరీక్ష పేరు, అనౌన్స్‌మెంటులా పైకి చదివింది. గొడుగాయన తలతిప్పి చూశాడు. చాలుగారి చెయ్యి గబుక్కున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది.

"మెల్లిగా చదువమ్మా. అందరూ ఉన్నారు."

ఆమె చదవడం ఆపేసింది. ఈ మాట. ఇదే మాట మూడేళ్ళ క్రితం మీటింగులో ఆమె చెప్పింది, వదిన చెప్పుకోలేకపోయింది, ఇదిగో ఈయన నోట్లోంచే వచ్చింది. అందరూ ఉన్నారు సార్, అవును. మిగతాది ఆయన చెవి దగ్గరికి వంగి చదివింది. రెండోసారి చదవమంటే చదివింది. ఎవరికీ చెప్పకు అన్నారు ఆయన. చెప్పను అంది, నిజంగానే చెప్పదల్చుకోలేదు. అప్పుడు ఆయన ఫోను తిరిగి ఇవ్వకుండానే నెమ్మదిగా చెప్పింది, పదీ నలభై తొమ్మిది దాకా ఈ పేజీకి తాళం లేదని, మీరు చూపించిన నలభై ఒకటీ అలాగే ఉన్నాయని, మీరు ఇంకో పావుగంట ముందొచ్చి ఉంటే ఇప్పుడు మీ చెవిలో చదివింది మీరు ఫోను ఇవ్వకుండానే నా తెర మీద చదువుకునేదాన్నని. ఆయన ఆమె ఒళ్ళో లాప్‌టాప్ వైపు చూశారు. కళ్ళజోడు లేకపోయినా అది బాగానే కనబడినట్టుంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె బెదిరించలేదు. బెదిరించినట్టు అనిపిస్తే అనిపించనీ అనుకుంది.

పదకొండూ పన్నెండు. లాప్‌టాప్‌లో నాలుగు వాక్యాలు కొట్టి, కళ్ళజోడు లేని వాళ్ళకి కూడా ఆనేంత పెద్దవి చేసి, ఆయన వైపు తిప్పింది. ఆయన ఫోను మీద అన్నయ్య నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఆయన చేతికిచ్చింది. కొత్త నంబరు కదా. రెండో రింగు. మూడో రింగు. హలో, ఎవరండీ, అన్నాడు అన్నయ్య, మూడేళ్ళ తర్వాత విన్న గొంతు, వెనకాల ఇంజను గురగుర. చాలుగారు ఒకసారి ఆమె మొహం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణగడం మొదలుపెట్టారు.

"గట్టిగా చదవండి సార్," అంది ఆమె. "ఇది అందరూ వినొచ్చు."

ఆయన చెయ్యి దించారు. "ఆ పేజీలకి తాళం వద్దన్నది నేను. మీ ఆవిడ రిపోర్టు బయటికి పోయింది అందువల్లే. ఆ సంగతి మీకు చెప్పకుండా దాచాను. మీ చెల్లెలి తప్పేమీ లేదు." హాల్లో గొణుగుడు ఆగిపోయింది. అటువైపు ఇంజను కూడా ఆగింది. మళ్ళీ చెప్పండి అన్నాడు అన్నయ్య. ఆయన మళ్ళీ చదివారు, ఈసారి మెట్ల మీద దిగుతున్న నర్సు కూడా నిలబడిపోయింది. పచ్చ శాలువా అమ్మాయి తలెత్తి చూసింది, చేతులు మాత్రం ఫోను మీది నుంచి తియ్యలేదు. అప్పుడు అన్నయ్య, అది పక్కనే ఉందా, అని అడిగాడు. ఆయన నుదురు తుడుచుకుని ఫోను ఆమె వైపు చాపారు.

"ఇంక చాలు కదమ్మా."

"చాలదు సార్," అని ఆమె ఫోను అందుకుంది. అన్నయ్య కట్ చెయ్యలేదు.